బేస్ వాయిస్తూ పాడటం ఎలా? గెడ్డీ లీ కెరీర్ చూపించే దారి

గిటార్ వాయిస్తూ పాడేవాళ్ళు మనకు వీధికొకరు కనిపిస్తారు. బేస్ గిటార్, అంటే లావు తీగలతో కింది స్వరాలు పలికే గిటార్, వాయిస్తూ పాడేవాళ్ళు మాత్రం అరుదు. గిటార్ మీద చెయ్యి ఒకే ఊపులో పైకీ కిందికీ ఆడుతుంటుంది, పాట ఆ ఊపు మీద తేలిపోతుంది. బేస్‌కి తన బాణీ వేరు, తన నడక వేరు. డ్రమ్ముల్లో కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) ఎక్కడ పడితే బేస్ అక్కడ పడాలి. గొంతేమో మాటల వెంట పోవాలి. ఒకే మనిషిని ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది.

నేను పదహారేళ్ళ వయసులో మా ఊరి చర్చిలో బేస్ పట్టుకున్నాను. ఒక ఆదివారం పాడేవాళ్ళు తక్కువై నన్నూ పాడమన్నారు. పల్లవి దాటేసరికి నా వేళ్ళు మాటల వెంట పడ్డాయి. ఎన్ని అక్షరాలుంటే అన్ని దెబ్బలు. డ్రమ్స్ వాయించే అన్నయ్య ఆగిపోయి నా వైపు చూశాడు. ఆ రోజు నుంచి ఈ విద్య ఎలా పట్టుబడుతుందో వెతుక్కుంటూ వెళ్తే గెడ్డీ లీ దొరికారు.

ఆయన కెనడాలోని టొరంటోలో 1953లో పుట్టారు. అమ్మానాన్నలు పోలండ్ యూదులు, నాజీ క్యాంపుల నుంచి ప్రాణాలతో బయటపడి కెనడా చేరినవాళ్ళు. ఆయనకు పెట్టిన పేరు గ్యారీ. అమ్మ యాసలో అది 'గెడ్డీ' అని వినిపించేది, స్నేహితులు అలాగే పిలిచారు, చివరికి అదే అసలు పేరైంది. 1968లో రష్ అనే బ్యాండ్‌లో చేరారు. గిటార్ మీద స్కూలు నాటి స్నేహితుడు అలెక్స్ లైఫ్‌సన్, 1974 నుంచి డ్రమ్స్ మీద నీల్ పర్ట్. స్టేజీ మీద ముగ్గురే. అందులో బేస్ వాయించేదీ, పాడేదీ, కీబోర్డు వాయించేదీ, కాళ్ళతో పెడల్స్ తొక్కేదీ ఒక్క మనిషే.

ఆయన కెరీర్‌ని వరసగా చూస్తే అదే ఒక పాఠ్యక్రమంలా కనిపిస్తుంది. ఆ క్రమాన్నే నేను మెట్లుగా రాస్తున్నాను. రష్ వాయించే ప్రోగ్రెసివ్ రాక్, అంటే పొడవైన పాటలు, మారే తాళాలు ఉండే రాక్ సంగీతం, వాయించాలనుకునేవాళ్ళకే కాదు, చర్చిలో, కాలేజీ బ్యాండ్‌లో, ఆర్కెస్ట్రాలో బేస్ పట్టుకున్న ఎవరికైనా ఇది పనికొస్తుంది. వేళ్ళు ఒక పని, గొంతు ఇంకో పని అనుకున్నంత కాలం ఇది రాదు. రెండూ కలిసి ఒక్క పని అయ్యేలా ఒంటికి నేర్పాలి. కింద రాసిందంతా అందుకోసమే.

మొదటి మెట్టు: చెయ్యి తనంతట తాను నడవాలి

ఖరీదైన బేస్ కోసం ఆగొద్దు. గెడ్డీ లీ చేతిలో మొదట్లో ఎక్కువగా కనిపించింది రికెన్‌బ్యాకర్ 4001 అనే బేస్. కానీ తర్వాత దశాబ్దాల పాటు ఆయనకు ప్రాణంగా నిలిచిన 1972 నాటి ఫెండర్ జాజ్ బేస్‌ని అమెరికాలోని కలమజూ అనే ఊళ్ళో తాకట్టు కొట్లో సుమారు 200 డాలర్లకు కొన్నారు. మెడ కర్ర వంగకుండా, తీగలు నిండు స్వరంతో పలికే బేస్ ఏదైనా చాలు.

ఒక పాట తీసుకోండి. బేస్ భాగం మాత్రమే, మెట్రోనోమ్ (ఒకే వేగంతో టిక్ టిక్ మనే పరికరం) పెట్టుకుని వాయించండి. తప్పు లేకుండా వచ్చాక చాలామంది 'వచ్చేసింది' అనుకుని పాడటం మొదలుపెడతారు. పొరపాటు అక్కడే జరుగుతుంది. తప్పు లేకుండా రావడం వేరు, చూసుకోకుండా రావడం వేరు. దానికి నేను పెట్టుకున్న పరీక్ష ఇది. వాయిస్తూనే మీ ఫోన్ నంబరు పైకి చెప్పండి. తర్వాత వెనక నుంచి ముందుకు చెప్పండి. పేపర్లో ఒక వార్త పైకి చదవండి. వంటింట్లోంచి 'అన్నం పెట్టనా?' అని అడిగితే, పూర్తి వాక్యంతో జవాబివ్వండి. చెయ్యి ఒక్క చోట తడబడినా ఆ భాగం ఇంకా తయారు కాలేదనే అర్థం. ఫోన్ నంబరుకే ఆగిపోయే చెయ్యి పాటకు నిలవదు.

మరో విషయం. ఇదంతా నిలబడి చెయ్యండి. కూర్చుని నేర్చుకున్న వేళ్ళు, పట్టీ వేసుకుని నిలబడగానే దారి తప్పుతాయి. ఎదురుగా మైక్ స్టాండు పెట్టుకోండి, మైక్ లేకపోయినా సరే. నోరు మైక్ దగ్గరే ఉండాలి కాబట్టి తల వంచి ఫ్రెట్లు (బేస్ మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు) చూసే వీలుండదు. ఆ కట్టుబాటు మొదటి రోజు నుంచే అలవాటు కావాలి.

రెండో మెట్టు: బేస్‌నే తంబూరా చేసుకోండి

బేస్ వాయిస్తూ పాడేవాళ్ళకు శ్రుతి తప్పడం మామూలు. మనం వాయించేది కింది స్వరం, పాడేది దానికి ఎంతో పైన. చెవికి దగ్గరగా వినిపించేది బేసే కాబట్టి గొంతు దాని వైపు జారిపోతుంది.

సంగీతం క్లాసుకు వెళ్ళినవాళ్ళకు దీనికి మందు ఇంట్లోనే ఉంది. బేస్ మీద డి తీగను ఏ ఫ్రెట్టూ నొక్కకుండా మోగించండి. అది రెండో శ్రుతి, మగ గొంతుకు ఒక స్థాయి కింద ఉంటుంది. దాని మీద సరళీ వరసలు పాడండి. మొదట స, ప మాత్రమే చాలాసేపు నిలపండి. తర్వాత గ దగ్గర ఆగండి. తర్వాత రి, ని. కింద 'స' గట్టిగా మోగుతుంటే పైన 'ని' మీద నిలబడగలిగితే మీ చెవి సిద్ధమైనట్టే. రోజుకు పది నిమిషాలు, రెండు వారాలు. సరళీ వరసలు రానివాళ్ళు తమ పాట బాణీనే 'ఆ' కారంతో పాడుకోవచ్చు.

మూడో మెట్టు: కుట్టు

ఇక్కడ తొందర పనికిరాదు. గొంతునూ చేతినీ కలిపి కుట్టే అసలు విద్య ఇదే.

ఒక కాగితం మీద 8 గళ్ళు గీయండి. అది ఒక ఆవృత్తం. ఉదాహరణకు ఒక చిన్న పంక్తి: 'నీలి మేఘం దారి చూపే'. సరిగ్గా ఎనిమిది అక్షరాలు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం రాయండి. నీ, లి, మే, ఘం, దా, రి, చూ, పే. ఇప్పుడు బేస్ 1, 4, 7 గళ్ళలో మోగుతుందనుకుందాం. ఆ మూడు గళ్ళ కింద గీత గీయండి. అంటే 'నీ', 'ఘం', 'చూ' అనే అక్షరాల దగ్గర చెయ్యీ గొంతూ కలుస్తాయి. మిగతా అయిదు అక్షరాలు గొంతు ఒంటరిగా పలుకుతుంది.

నిమిషానికి 50 దెబ్బల వేగంతో, గడికో దెబ్బ చొప్పున, గడి గడినీ వేలితో చూపిస్తూ పాడండి. తర్వాత బేస్ పట్టుకోండి. మాటలు వద్దు, 'మ్' అంటూ బాణీ మాత్రమే. తర్వాత 'లా లా'. చివర్లోనే మాటలు. తెలుగులో గానీ ఇంగ్లీషులో గానీ చెయ్యిని లాగేవి ముఖ్యంగా హల్లులు. 'ఘం' లాంటి బరువైన అక్షరం వచ్చిన చోట వేలు కూడా గట్టిగా కొట్టాలనుకుంటుంది.

ఇది వచ్చాక అదే మాటల్ని ఒక గడి పక్కకు జరపండి. 'నీ' రెండో గడిలో మొదలవుతుంది, 'పే' వచ్చి తర్వాతి ఆవృత్తం మొదటి గడిలో పడుతుంది. బేస్ మాత్రం అదే 1, 4, 7. ఇప్పుడు బేస్‌తో కలిసేవి 'పే', 'మే', 'రి'. మాటలు అవే, వేళ్ళు అవే, కుట్టు వేరు. మొదటిసారి ఇది చేసినప్పుడు నాకు పూర్తిగా కొత్త పాట నేర్చుకున్నట్టు అనిపించింది. గెడ్డీ లీ పాటల్లో గొంతు చాలా చోట్ల ఇలా దెబ్బకు అటో ఇటో మొదలవుతుంది. విన్నప్పుడు సులువుగా సాగినట్టు ఉంటుంది, కాగితం మీద పెట్టి చూస్తేనే ఎక్కడ ఎంత పని జరుగుతోందో తెలుస్తుంది.

పాటలో ఒక్కో పంక్తినీ ఇలా గళ్ళలో రాసుకోండి. ఒక పంక్తి వచ్చాక తర్వాతిదానికి పోకండి. ముందు ఈ పంక్తి చివరి రెండు గళ్ళూ, తర్వాతి పంక్తి మొదటి రెండు గళ్ళూ కలిపి పది సార్లు చెయ్యండి. తెగేది ఎప్పుడూ ఆ అతుకు దగ్గరే. ఊపిరి తీసుకునేది కూడా అక్కడే కాబట్టి, ఊపిరి ఏ గడిలో తీసుకోవాలో కూడా కాగితం మీద గుర్తు పెట్టుకోండి.

వేగం పెంచేటప్పుడు మెట్రోనోమ్ మీద నాలుగేసి దెబ్బలు పెంచండి. తప్పు వస్తే ఎనిమిది వెనక్కి రండి.

ఇక్కడ ఇంకొక బ్యాండ్ మనిషిని తలుచుకోవాలి. కింగ్ క్రిమ్సన్‌లో 1972 నుంచి 1974 దాకా బేస్ వాయిస్తూ పాడిన జాన్ వెట్టన్, చిన్నప్పుడు అన్నయ్య రాబర్ట్ పియానో మీద చర్చి సంగీతం సాధన చేస్తుంటే కింది స్వరాలు తను వాయించేవారు. పై బాణీకీ కింది స్వరానికీ ఉన్న బంధం మీద ప్రేమ అక్కడే పుట్టింది. చర్చి కీర్తనలు నేర్చుకున్న మన పిల్లలకు ఆ బంధం కొత్త కాదు. కీర్తన బాణీ పాడుతూ కింది స్వరం వాయించడం మూడో మెట్టుకు చాలా మంచి సాధన.

నాలుగో మెట్టు: లెక్క

ప్రోగ్రెసివ్ రాక్‌లో నాలుగు దెబ్బల ఆవృత్తం ఒక్కటే ఉండదు. 5, 7, 13 వస్తాయి. ఇక్కడ తాళం వేస్తూ పాడటం నేర్చుకున్నవాళ్ళు ఒక అడుగు ముందుంటారు. చేత్తో తాళం వేస్తూ నోటితో వేరే నడక పాడటం, బేస్ వాయిస్తూ పాడటం ఒకే జాతి విద్యలు.

రష్ 1981లో తెచ్చిన 'మూవింగ్ పిక్చర్స్' ఆల్బమ్‌లో 'వై వై జెడ్' అనే వాద్య సంగీతం ఉంది. టొరంటో విమానాశ్రయం కోడ్ అది. ఆ మూడక్షరాల మోర్స్ సంకేతమే ఆ పాట మొదటి లయ. వై అంటే పొడవు, పొట్టి, పొడవు, పొడవు. జెడ్ అంటే పొడవు, పొడవు, పొట్టి, పొట్టి. పొడవుకు రెండు మాత్రలు, పొట్టికి ఒకటి ఇచ్చి లెక్కపెట్టండి. వై 7, మళ్ళీ వై 7, జెడ్ 6. మొత్తం 20. నోటితో ఇలా చెప్పండి:

తాం క తాం తాం, తాం క తాం తాం, తాం తాం క క.

చేత్తో నాలుగు మాత్రలకొక దెబ్బ వేయండి, ఆవృత్తానికి అయిదు దెబ్బలు వస్తాయి. నోట్లో 7, 7, 6, చేతిలో 4 చొప్పున 5. రెండూ ఆవృత్తం మొదట్లో మాత్రమే ఒకే చోట మొదలవుతాయి. ఇది స్థిరంగా అయిదు నిమిషాలు చెప్పగలిగిన రోజు, బేస్ మీద ఆ లయ దానంతటదే దిగుతుంది. ఈ పాటలో గొంతు లేదు, అందుకే లెక్క నేర్చుకోవడానికి ఇంత మంచిది.

తర్వాత 7. అదే ఆల్బమ్‌లోని 'టామ్ సాయర్' చరణం మామూలు నాలుగు దెబ్బలే, మధ్యలో వాద్య భాగం ఏడుకు మారుతుంది. 1982 నాటి 'సబ్‌డివిజన్స్' ఏడుతోనే మొదలవుతుంది. మిశ్ర చాపు వేసినవాళ్ళకు ఏడు కొత్త కాదు. 'తకిట తకధిమి' అని ఒకసారి, 'తకధిమి తకిట' అని ఒకసారి చెప్పి చూడండి. పాటతో ఏది కలుస్తుందో మీ చెవే చెబుతుంది. ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టకండి. పాడుతున్న నోరు అంకెలు లెక్కపెట్టలేదు. లయ జతుల రూపంలో ఒంట్లోకి దిగాలి.

పదమూడు చివర్లో చూద్దాం.

ఐదో మెట్టు: శ్రుతి ముందే తేల్చుకోండి

ఇది నేర్పింది 1978 నాటి 'హెమిస్ఫియర్స్' ఆల్బమ్. వేల్స్‌లోని రాక్‌ఫీల్డ్ స్టూడియోలో వాద్యాలన్నీ రికార్డు చేసుకున్నారు. గొంతు రికార్డు చేయడానికి లండన్ వెళ్ళాక తెలిసింది, పాటల శ్రుతి గొంతుకు మరీ పైన ఉందని. వాయించేటప్పుడు ఆ సంగతి చూసుకోలేదు. గెడ్డీ లీ ఆ ఆల్బమ్ పాడటానికి చాలా యాతన పడ్డారు. 1980లో వచ్చిన 'పర్మనెంట్ వేవ్స్' నుంచి ఆయన గొంతు క్రమంగా కిందికి దిగి, మామూలు స్థాయిలో హాయిగా పలకడం మొదలైంది. నాకు ఆ తర్వాతి గొంతే ఎక్కువ ఇష్టం. అందులో మాట స్పష్టంగా వినిపిస్తుంది.

బేస్ వాయించేవాళ్ళు ఈ తప్పు సులువుగా చేస్తారు. ఇ తీగ, ఎ తీగ ఫ్రెట్టు నొక్కకుండా మోగుతాయి కాబట్టి పాటను ఆ శ్రుతుల్లో కట్టేస్తారు. చేతికి సుఖం, గొంతుకు నరకం. పాట కట్టే ముందే, అందులో అన్నిటికంటే పై స్వరం ఏదో చూసి, దాన్ని వరసగా పది సార్లు పాడండి. పదోసారి కూడా మొదటిసారిలాగే వస్తే ఆ శ్రుతి సరే. రాకపోతే పాట శ్రుతిని ఒక మెట్టు, అవసరమైతే రెండు మెట్లు దించండి. బేస్ వేళ్ళను మళ్ళీ నేర్చుకోవచ్చు. గొంతు పాడైతే బాగుపడటానికి నెలలు పడుతుంది.

రష్ పాటలకు మాటలు ఎక్కువగా డ్రమ్మర్ నీల్ పర్ట్ రాసేవారు. ఇంకొకరు రాసిన మాటలు మన నోట్లో ఇమడకపోతే అడిగి మార్పించుకోవాలి. ఊపిరి తీసుకునే చోటు లేని పంక్తిని ఎంత అందమైనదైనా బేస్ వాయిస్తూ పాడలేం.

ఆరో మెట్టు: ఎక్కడ నింపాలి, ఎక్కడ వదలాలి

ముగ్గురే ఉన్న బ్యాండ్‌లో గిటార్ సోలోకి వెళ్ళగానే కింద ఖాళీ అయిపోతుంది. ఆ ఖాళీని బేసే నింపాలి. గెడ్డీ లీ బేస్ అంత చురుగ్గా, అంత బాణీతో ఉండటానికి ఒక కారణం ఇదే. అయితే ఆయన పాడే చోటుకూ, పాడని చోటుకూ తేడా చూడండి. మాటలు దట్టంగా ఉన్నప్పుడు వేళ్ళు సాధారణంగా నిలకడైన నడకలో ఉంటాయి. పంక్తి ముగిసి ఊపిరి తీసుకునే సందులో ఒక్కసారి పరుగెత్తుతాయి. వినేవాళ్ళకు పాట పొడవునా దట్టంగా వాయించినట్టే అనిపిస్తుంది.

మీరు పాట కట్టేటప్పుడు గళ్ళ కాగితం మళ్ళీ తీయండి. గొంతు ఉన్న గళ్ళలో బేస్ దెబ్బలు తగ్గించండి, గొంతు లేని గళ్ళలో పెంచండి.

కాళ్ళ విషయం త్వరగా చెప్పేస్తాను. 1977 నుంచి ఆయన మూగ్ టారస్ పెడల్స్ (కాలితో వాయించే కీబోర్డు లాంటివి) తొక్కుతూ కింది స్వరాలు నిలిపేవారు, చేతులు కీబోర్డు మీద ఉన్నా బేస్ ఆగకుండా. 1980లలో కీబోర్డు పెరిగి పెరిగి గిటార్ వెనక్కి పోయింది. ఆ ఆల్బమ్‌లలో మంచి పాటలున్నాయి, కానీ ముగ్గురి మధ్య ఉండే ఒరిపిడి తగ్గిందనే నా అభిప్రాయం. 1990లలో బ్యాండ్ మళ్ళీ గిటార్, బేస్, డ్రమ్స్ వైపు తిరిగింది. మొదటి మూడేళ్ళు పెడల్స్ జోలికి వెళ్ళకండి.

ఏడో మెట్టు: స్టేజీ, ఒళ్ళు

రిహార్సల్‌లో వచ్చి స్టేజీ మీద రాకపోవడానికి సగం కారణం టెన్షన్, సగం కారణం వినపడకపోవడం. మానిటర్‌లో (స్టేజీ మీద మీ వైపు తిరిగి ఉండే స్పీకర్‌లో) మీ గొంతు, మీ బేస్, డ్రమ్స్‌లోని హై హ్యాట్ తాళాలు ఈ మూడూ అడిగి పెట్టించుకోండి. బేస్‌లో లోతు కాకుండా మధ్య స్వరాలు పెంచమనండి. లోతైన మోత ఒంటికి తగులుతుంది గానీ శ్రుతి దాంట్లో దొరకదు. రికెన్‌బ్యాకర్ గరగరలో ఉండే మేలు ఇదే. ప్రతి వేలి దెబ్బా అంచుతో వినిపిస్తుంది.

చెవులకు ప్లగ్స్ పెట్టుకోండి. ముంజేయి నొప్పి పుడితే ఆ రోజుకు ఆపండి. నీల్ పర్ట్ ఒళ్ళు ఆ శ్రమను మోయలేని స్థితికి రావడంతోనే రష్ పెద్ద టూర్లు ఆగాయి. 2015 ఆగస్టు 1న లాస్ ఏంజిలిస్‌లో చివరి కచేరీ. పర్ట్ 2020 జనవరిలో కన్నుమూశారు. గెడ్డీ లీ, లైఫ్‌సన్ జర్మనీకి చెందిన డ్రమ్మర్ అనికా నిలెస్‌తో 2026 టూర్ ప్రకటించినప్పుడు గెడ్డీ లీ వయసు 72.

ఒక మాట బ్యాండ్ గురించి. 1975లో వచ్చిన రష్ ఆల్బమ్ 'కెరెస్ ఆఫ్ స్టీల్' పెద్దగా అమ్ముడుపోలేదు. పొట్టి పాటలు చేయమని రికార్డు కంపెనీ ఒత్తిడి చేసింది. వాళ్ళు 1976లో రికార్డు ఒక వైపంతా ఒకే పాటతో, ఇరవై నిమిషాలు దాటిన '2112' చేశారు. బ్యాండ్‌ని నిలబెట్టింది అదే. మీ పాట పొడవుగా ఉందని ఎవరైనా అంటే, ముందు అది బాగా వాయిస్తున్నారా లేదా చూసుకోండి, తర్వాత పొడవు సంగతి ఆలోచించండి.

ఏ పాట ముందు, ఏది తర్వాత

మొదట 'క్లోజర్ టు ది హార్ట్', 1977. మూడు నిమిషాల లోపు, నిదానమైన పాట. మొదటి నెల మూలస్వరాలు (ఒక్కో కార్డ్‌కు ఆధారమైన స్వరం) మాత్రమే వాయిస్తూ పాడండి. రెండో నెలలో అసలు బేస్ భాగం. తర్వాత 'టామ్ సాయర్', చరణం వరకే. అది నిలిచాక మధ్యలోని ఏడు. ఆ తర్వాత 'వై వై జెడ్', గొంతుకు సెలవు.

చివరికి 1980 నాటి 'ఫ్రీవిల్'. చరణం పదమూడు దెబ్బల ఆవృత్తం, ఆరు, ఏడు కలిపి. ఆరుకు 'తకిట తకిట', ఏడుకు 'తకిట తకధిమి' అని వేళ్ళు మడుస్తూ చెప్పుకోండి. పదమూడు గళ్ళు గీసి మాటలు రాసుకోండి. పాట చివర్లో గొంతు బాగా పైకి పోతుంది, కింద బేస్ మాత్రం తగ్గదు. అక్కడ మీ గొంతు అందకపోతే ఒక స్థాయి కిందికి దించి పాడండి, బేస్ మాత్రం వదలకండి. ప్రతి వారం ఫోన్‌లో రికార్డు చేసి రెండు సార్లు వినండి, ఒకసారి బేస్ మీదే చెవి పెట్టి, ఇంకోసారి గొంతు మీదే. మొదటి పంక్తి నుంచి చివరి పంక్తి దాకా ఆగకుండా వాయిస్తూ పాడటానికి నాకు పదకొండు నెలలు పట్టింది.